వేరుగా పెట్టిన బుట్ట

ఆ బుట్ట ఎవరిదో నా భార్య బువాఫన్ చూడగానే గుర్తుపట్టింది.

"ఇది తూయ్ అన్నది" అంది.

వసారాలో భోజనాల పీట చుట్టూ కూర్చున్నాం. పీట మధ్యలో అందరిదీ అయిన పెద్ద బుట్ట మూత తీసి ఉంది. జిగురన్నం మీంచి ఆవిరి లేస్తోంది. రెండో బుట్టను మెట్ల దగ్గర, అరిటాకు ముక్క మీద పెట్టారు. పక్కన చిన్న గిన్నెలో కాల్చిన పచ్చిమిరపకాయల పచ్చడి, ఇంకో గిన్నెలో ఉడికించిన గుమ్మడి తీగలు. అన్నీ వేరుగా.

"చెదలు తినేసి ఉంటాయనుకున్నాను. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా?"

"పొయ్యి మీది అటకలో" అంది మా అత్త సేంగ్‌లా. "పొగ తగిలిన వెదురుకి చెద పట్టదు."

"అంటే మళ్ళీ పనికొస్తుందని నీకు తెలుసన్నమాట."

అత్త తాంబూలంలా నమిలే పులిసిన తేయాకు ముద్దను ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చుకుంది. కోపమొచ్చినా ఆమె చేసేది అదే, ఏడుపొచ్చినా అదే. పక్కన కూర్చున్నవాడికి ఏదొచ్చిందో తెలియదు.

తూయ్ నా భార్యకి అన్న. తూయ్ అంటే బొద్దోడని. పోయేనాటికి ఆ పేరు పెట్టి పిలవడానికి ఎవరికీ నోరు రాలేదట. నేను అల్లుడిగా ఈ ఇంటికి చేరకముందు సంగతి అది. ఆ రోజుల్లో మా కొండకింది ఊళ్ళల్లో ప్రతి రెండో ఇంట్లో ఒక కుర్రాడు అలాగే పోయాడు. ముందు జ్వరం. తరవాత చిక్కిపోవడం. ఆ తరవాత మొహం మీద కురుపులు, ఒక్కో కురుపు నడిమధ్యన బొడ్డులాగా చిన్న గుంట. ఆ గుంట కనపడితే చాలు, ఇంక డాక్టరు అక్కర్లేదు. ఎయిడ్స్ అనేవారు కాదు. 'ఆ జబ్బు' అనేవారు.

ఇప్పుడు అవే గుంటలు బువాఫన్ నుదుటి మీద, చెంపల మీద ఉన్నాయి.

"ఆసుపత్రిలో చెప్పింది నిన్న రాగానే చెప్పాను కదా" అంది ఆమె. "నా రక్తం చూశారు. ఆ జబ్బు లేదన్నారు. ఈయన రక్తమూ చూశారు. ఈయనకీ లేదన్నారు."

"విన్నాను."

"విని కూడా ఈ బుట్ట పెట్టావా?"

"విన్నాకే పెట్టాను. ఆ జబ్బేమోనని వాళ్ళూ రక్తం చూసేదాకా పెట్టలేదుగా" అంది అత్త. "తూయ్‌కి మొదట ఊపిరితిత్తుల క్షయన్నారు. నీకూ అదేనని మాత్రలిచ్చారు. వాడికి మెడ కింద గడ్డలొచ్చాయి. నీకూ వచ్చాయి. తరవాత వాడి మొహమెలా అయిందో నీ మొహమూ అలాగే అయింది. ఇంక రక్తంతో నాకేం పని? నాకు కళ్ళున్నాయి."

"కళ్ళకి కనపడేది ఒకటే అయినా లోపల వేరే ఉందన్నారు కదా."

"వాళ్ళకి పేర్లు చాలా వచ్చు. ఒకటి కాకపోతే ఇంకోటి చెప్తారు."

పీటకి అటువైపు ఖమ్‌మూన్ కూర్చుంది. నా భార్యకి అక్క. పక్క పెరట్లోనే వేరే ఇల్లు కట్టుకుని ఉంటుంది. పొద్దున మాత్రం అందరం ఇక్కడే తింటాం. ఇవాళ పిల్లల్ని తేలేదు. అక్కడే తినిపించి బడికి పంపేసింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడగకపోయినా ఆమె తల పైకెత్తలేదు.

"అక్కా, నువ్వేమంటావు?" అంది బువాఫన్.

"నన్నెందుకు లాగుతావే."

"పిల్లలేరీ?"

ఖమ్‌మూన్ గుమ్మడి తీగ పీచు తీస్తూ కూర్చుంది. ఆ తీగ అప్పటికే ఉడికిపోయి ఉంది, దానికి తీయడానికి పీచు లేదు.

"నాకు భయమేస్తోంది" అంది చివరికి. "నువ్వు తిట్టు, కొట్టు. నాకు భయమే."

"ఆ మాట నయం. అమ్మలాగా పొగలోంచి బుట్ట దించి చూపించలేదు నువ్వు."

నేను బయటికి చూశాను. గేటు అవతల దారి ఖాళీగా ఉంది. బడిపిల్లల్ని దింపి పట్నం వెళ్ళే బండి ఈ దారినే వస్తుంది. అది తప్పితే ఇవాళ ఇంకో బండి లేదు. ఆసుపత్రిలో మంచం ఇవాళ ఖాళీ అవుతుంది, పొద్దున్నే వచ్చి చేరమన్నారు. రాకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది.

నిన్న డాక్టరమ్మ మమ్మల్ని ఒక గాజుకిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. రాజధాని వైపు యాస. వయసులో మాకు కూతురు వరస అవుతుంది. లోపలినుంచి రెండు గాజుమూకుళ్ళు తెప్పించి బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో పాసిపోయిన అన్నం మీద పట్టినట్టు బూడిదపచ్చ బూజు. దాని చుట్టూ ఉన్న జున్నులాంటి పదార్థం తాంబూలం ఉమ్మినట్టు ఎర్రగా అయిపోయింది. రెండోదాంట్లో తడిపిన బియ్యప్పిండి ముద్దలాంటిది. నున్నగా ఉంది. నూగు లేదు, ఎరుపు లేదు.

"వీటిల్లో నాదేది?" అని అడిగింది బువాఫన్.

"రెండూ మీవే. మీ మెడ దగ్గర గడ్డలోంచి తీసిందే రెండిట్లోనూ వేశాం. దీన్ని చల్లగా ఉండే గదిలో పెట్టాం. దాన్ని ఒంటివేడి ఎంత ఉంటుందో అంత వేడిలో పెట్టాం."

"ఒకటే విత్తనమా?"

"ఒకటే. బయట మట్టిలో ఉన్నన్నాళ్ళూ ఇలా దారాలు దారాలుగా, బూజులా బతుకుతుంది. దాని పొడి గాలిలో లేస్తుంది. ఊపిరితో లోపలికి పోతుంది. లోపలి వేడి తగలగానే వేషం మార్చేస్తుంది. దారాలు పోయి ఇదిగో, ఇలా ఒక్కో కణం విడివిడిగా అయిపోతుంది. ఒంట్లో కాపలా కాసే కణాలు దాన్ని మింగుతాయి. మింగినా చావదు. వాటి పొట్టలోనే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. వాటినే బండి చేసుకుని ఒళ్ళంతా తిరుగుతుంది."

నేను వానాకాలమంతా కొండ మీద వెదురు తోపుల్లో పందికొక్కుల బొరియలు తవ్వుతాను. మా వైపు వెదురు పందికొక్కు మాంసానికి గిరాకీ ఎక్కువ. నేను తవ్వుతుంటే బువాఫన్ బొరియ నోటి దగ్గర బుట్ట బోర్లించి కూర్చుంటుంది. అది చెప్పాను.

"అందులో కూడా ఉంటుంది" అంది డాక్టరమ్మ. "పందికొక్కుల్లో ఉంటుంది, వాటి బొరియల్లో ఉంటుంది. వాటికేమీ కాదు."

"నాకూ ఏం కాలేదే. ఇద్దరం అదే మట్టి పీల్చాం."

"చాలామందికి ఏమీ కాదు. కాపలా గట్టిగా ఉంటే వచ్చినదాన్ని వచ్చినట్టే తొక్కేస్తుంది. కాపలా పడిపోయినవాళ్ళకే ఇలా పెరుగుతుంది. ఆ జబ్బు ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువగా వచ్చింది అందుకే. ఈమెకి ఆ జబ్బు లేదు. ఈమె కాపలా చచ్చిపోలేదు. ఈమె రక్తమే ఆ కాపలావాడి చేతులు కట్టేసింది."

"నా రక్తమే కట్టేసిందా?"

"అవును. ఎందుకు కట్టేస్తుందో మాకూ పూర్తిగా తెలియదు. ఈ చుట్టుపక్కల దేశాల్లో, నడివయసు వాళ్ళల్లో కనిపిస్తోంది. మీరేదో చేసినందువల్ల వచ్చింది కాదు."

బువాఫన్ అప్పుడు నవ్వింది. జ్వరం మొదలయ్యాక ఆమె నవ్వడం నేను చూడలేదు.

"మా ఇంట్లోలాగే ఉందండీ వ్యవహారం" అంది.

ఒకరి నుంచి ఒకరికి అంటుతుందా అని అడిగాను. అంటదు, ఒకే బుట్టలో తిన్నా అంటదు అంది డాక్టరమ్మ. ముందు ఆసుపత్రిలో ఉంచి నరంలోకి మందు ఎక్కిస్తారట. ఆ మందుకి చలి పుట్టి ఎముకలు వణుకుతాయట. తరవాత ఇంటి దగ్గర చాలాకాలం మాత్రలు మింగాలట. మందు పనిచేస్తుంది, కానీ ఇంకా ఆలస్యం చేస్తే, అని మాట మధ్యలో ఆపి నా మొహం చూసింది. నేను అడగలేదు. అడిగితే చెప్తుందని భయం.

"నువ్వు సోయాగింజలు ఉడికించి ఆకులో చుట్టి పెడతావు చూడు" అంటోంది ఇప్పుడు పీట దగ్గర బువాఫన్ వాళ్ళమ్మతో. "వెచ్చగా ఉంటే ఒకలా పులుస్తాయి. చల్లగా పెడితే ఇంకోలా అయిపోతాయి. గింజలు అవేగా. ఇదీ అంతే."

"నా సోయాగింజలు ఎవరి మొహం మీదా పొక్కలేదు."

"అమ్మా."

"తిను. అన్నం చల్లారిపోతోంది."

"ఆ బుట్టలో తినను."

"అయితే పస్తుండు."

అప్పుడు గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. బండి వచ్చిందేమో అనుకుని లేచాను. వచ్చింది పువాంగ్ మామ. అత్తకి తమ్ముడు. చిన్నప్పుడు మఠంలో ఉండి చదువుకుని, కాషాయం విడిచి పెళ్ళి చేసుకున్నవాడు. పెళ్ళయినా, చావయినా ఊళ్ళో పెద్దల ముందు మాట్లాడేది ఆయనే. మోటారుసైకిలు వెనక తట్ట కట్టుకొచ్చాడు. దాన్ని మోసుకుని మెట్లెక్కి పీట పక్కన దించి, పైన కప్పిన అరిటాకు తీశాడు.

ఉడికించిన పంది తల.

"ఏం అల్లుడూ, మొహం అలా పెట్టావు?" అన్నాడు నాతో. "పందిని చూడు, చచ్చి కూడా నవ్వుతోంది. బతికున్న నువ్వు ఏడుస్తావేం."

"ఇదెందుకు మామా?" అంది బువాఫన్.

"మీ అమ్మ చెప్పలేదా?"

మామే చెప్పాడు. పొరుగూళ్ళో పూనకం వచ్చే ఆమె దగ్గరికి నిన్న అత్తా ఆయనా వెళ్ళొచ్చారట. ఈ ఇంట్లో పోయిన పెద్దలకి అపచారం జరిగిందని ఆమె చెప్పిందట. ఇంట్లో ఒకరు బయట తప్పు చేశారు, చేసి దాచారు, అందుకే ఇంటి ఆడకూతురి మొహం మీద చూపిస్తున్నారు అందట. తప్పు చేసినవాళ్ళు పెద్దల అర ముందు కూర్చుని ఒప్పుకోవాలి. పంది తల పెట్టాలి, సారా పోయాలి. అప్పుడు విడుస్తారట.

"ఎవరు తప్పు చేశారంట?"

"పేరు చెప్పలేదు. మగవాడు అంది."

ఈ ఇంట్లో మగవాణ్ణి నేనొక్కణ్ణే.

"అది చెప్పడానికి పూనకం ఎందుకు మామా?" అంది బువాఫన్. "మగాడు అంటే మన ఊళ్ళో సగం మందికి సరిపోతుంది. నిన్ను తీసుకెళ్ళి కూర్చోబెట్టినా సరిపోతుంది."

"నా మొహం మీద కురుపుల్లేవే పిల్లా."

"ఈయన మొహం మీద ఉన్నాయా?"

మామ నా మొహంలోకి వంగి చూశాడు. వేళాకోళానికే చూశాడు కానీ కాస్త ఎక్కువసేపే చూశాడు.

"ఈయన రక్తం రెండుసార్లు చూశారు" అంది బువాఫన్.

"రెండుసార్లు చూశారంటే మొదటిసారి వచ్చింది నచ్చలేదనేగా."

"నచ్చే దాకా చూడటానికి అది పూనకం కాదు."

ఖమ్‌మూన్ ఫక్కున నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్త ఆమె వైపు చూసింది. ఆ చెయ్యి నోటి దగ్గరే ఉండిపోయింది.

"చూడు బువాఫన్" అంది అత్త. గొంతు పెంచలేదు. "నువ్వు ఆసుపత్రికి పోవద్దని నేను అనలేదు. పోవాలి. కానీ ఇది తీర్చుకుని పో. తీర్చకుండా ఈ మెట్లు దిగితే ఏ మందూ నీకు పట్టదు. పోయినవాణ్ణొకణ్ణి లోపల్నుంచి మోసుకొచ్చి ఈ వసారాలోనే పడుకోబెట్టాను. ఇంకోసారి నా వల్ల కాదు."

మామ నా పక్కన చేరి గొంతుక్కూర్చున్నాడు. తట్టలోంచి సారా సీసా తీసి కింద పెట్టాడు.

"అల్లుడూ, మనమందరం పెళ్ళాల ఇళ్ళల్లో బతికేవాళ్ళమే. నాకు తెలియని బాధ కాదు. ఒక్క మాట అనేయ్. ఎప్పుడో, ఎక్కడో, ఎవరితోనో. పేరు కూడా అక్కర్లేదు. మా అక్క మనసు కుదుటపడుతుంది, పిల్ల మెట్లు దిగుతుంది, ఆసుపత్రికి పోతుంది. రేపు ఊళ్ళో నలుగురూ నాలుగు రోజులు అనుకుంటారు. మగాడివి, దులిపేసుకుంటావు. నష్టమేముంది?"

నేను దారి వైపు చూశాను. దూరంగా, వంతెన అవతల, బండి పసుపురంగు కనపడినట్టనిపించింది. బండో, వెదురాకుల మీద ఎండో తెలియలేదు.

డాక్టరమ్మ మధ్యలో ఆపిన మాట గుర్తొచ్చింది.

"అంటాను" అన్నాను.

బువాఫన్ నా వైపు తిరిగింది.

"ఏమంటావు?"

"మామ చెప్పిందే."

"చేశావా?"

"లేదు."

"మరి?"

"బండి వెళ్ళిపోతుంది."

చిక్కిపోయాక ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళల్లో కోపముంటే భరించేవాణ్ణి.

"నువ్వు పెద్దగా మాట్లాడవు" అంది. "ఇన్నేళ్ళకి నోరు తెరిచి అబద్ధమా చెప్పేది?"

"నీ కోసమే."

"నా కోసం వద్దు. నువ్వు ఆ అర ముందు కూర్చుని ఆ మాటంటే నేను మెట్లు దిగను. ఇక్కడే ఉంటాను, తూయ్ అన్న బుట్ట పక్కనే పడుకుంటాను. మామ తెచ్చిన పంది తలకాయ నా చావు భోజనానికి వండుకోండి."

"ఈ పొగరు మంచిది కాదే" అన్నాడు మామ.

"ఒంట్లో ఇంక మిగిలింది అదొక్కటే మామా. దాన్ని కూడా దించమంటావా?"

ఆమె లేచింది. లేవడానికి గుంజ పట్టుకోవాల్సి వచ్చింది. నేను చెయ్యిస్తే తీసుకోలేదు. పీట పక్కగా పోతూనే వంగి పెద్ద బుట్టలోంచి గుప్పెడు అన్నం తీసుకుంది. అంత తేలిగ్గా తీసిందని ఎవరికీ వెంటనే తట్టలేదు. అడ్డుకోవడానికి అత్త చెయ్యి లేచేసరికే ఆమె లోపలిగదిలోకి వెళ్ళిపోయింది.

లోపల తూర్పుగోడకి ఎత్తుగా పెద్దల అర ఉంది. కుండీలో ఆకులు, చిన్న గిన్నెలో నీళ్ళు. ఈ ఇంటి అమ్మమ్మలందరూ అక్కడే ఉంటారు. అల్లుళ్ళకి అక్కడ పనిలేదు. అర తల్లి నుంచి చిన్న కూతురికి వస్తుంది. బువాఫన్ చిన్న కూతురు. మేమందరం గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాం.

ఆమె అన్నం ముద్ద అర మీద పెట్టింది. కూర్చోలేదు. నిలబడే చేతులు జోడించింది.

"అమ్మమ్మా. అమ్మమ్మకి అమ్మా. నేను బువాఫన్‌ని. రేపు మీకు నీళ్ళు పెట్టాల్సినదాన్ని. ఈ ఇంట్లో మీకు తెలియకుండా ఏదీ జరగదంటారు కదా. అయితే ఏం జరిగిందో మీకే తెలుసు. నా మొగుడు తప్పు చేస్తే ఆయన్ని పట్టుకోండి. నేను చేస్తే నన్ను పట్టుకోండి. ఎవరమూ చేయలేదా, మా అమ్మని అడగండి, చేయని తప్పు ఎందుకు ఒప్పుకోమంటోందో. మీకు పంది తల కావాలంటే నేను ఆసుపత్రి నుంచి వచ్చి పెడతాను. బతికి వస్తేనే పెట్టగలను. అది మీరు చూసుకోండి."

పువాంగ్ మామ నోరు తెరిచాడు. పెద్దల ముందు మాట్లాడటం ఆయన పని. ఆయన ఎప్పుడూ పాటలాగా, అంత్యప్రాసలు కలిపి మాట్లాడతాడు. ఇలా ఎదురింటివాళ్ళతో మాట్లాడినట్టు ఎవరూ మాట్లాడరు. నోరు మూసుకున్నాడు.

బువాఫన్ వసారాలోకి వచ్చి పీట ముందు కూర్చుంది. తన పాత చోటులో, అత్త పక్కన. చెయ్యి పెద్ద బుట్టలో పెట్టింది.

అత్త మూత వేసింది.

మూత బువాఫన్ మణికట్టు మీద ఆగింది. అత్త చెయ్యి మూత మీద ఉంది. నొక్కలేదు. తీయనూ లేదు.

"అంటదన్నారమ్మా."

అత్త మెట్ల దగ్గరి బుట్ట వైపు చూసింది.

"తూయ్ అన్న ఆఖర్న ఈ మెట్ల దగ్గరే తిన్నాడు. బుట్ట నేనే తెచ్చి పెట్టేదాన్ని. అక్కడ పెట్టి వెళ్ళిపో, దగ్గరికి రాకు అనేవాడు. ముద్ద చేసుకోవడానికి వేళ్ళు మూసుకునేవి కాదు. మనం ఇక్కడ, ఈ పీట దగ్గర కూర్చుని అటు తిరక్కుండా తినేవాళ్ళం."

"ఆపు."

"నిన్న డాక్టరమ్మని అడిగాను. మా అన్నకీ ఇవే కురుపులు అన్నాను. ఆ జబ్బుకి అప్పట్లో సరైన మందు లేదంది. ఈ బూజుకి మాత్రం ఉందంట. అప్పుడు కూడా ఉందంట. పట్నంలోనే. బూజు తగ్గినా ఎన్నాళ్ళు బతికేవాడో ఎవరూ చెప్పలేరు. కొన్నాళ్ళు బతికేవాడు. వేళ్ళు మూసుకునేవి. కానీ మనం దింపలేదు కదమ్మా. ఊరంతా చూస్తుందని, సిగ్గని, ఈ మెట్లు దింపలేదు."

అత్త బుగ్గలో తేయాకు ముద్ద కదల్లేదు. ఒక చోటే ఆగిపోయింది.

"ఇప్పుడు నన్నూ ఆపుతావా, ఆపు. ఒక తప్పు ఒప్పుకుంటే పంపుతానంటున్నావు. ఒప్పుకోవాల్సింది ఏదైనా ఉంటే అది ఈయన దగ్గర లేదు. నా దగ్గర లేదు."

ఖమ్‌మూన్ "వద్దే" అంది. చాలా చిన్నగా అంది.

"నా రక్తం నా కాపలావాణ్ణే కట్టేసిందని చెప్పింది డాక్టరమ్మ. బయటినుంచి వచ్చినదాన్ని వదిలేసి ఇంటివాడినే పట్టుకుందంట. నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి చూస్తే మీరూ అదే చేస్తున్నారు. నన్ను దింపకపోతే అటకలో చోటు చూసుకో. తూయ్ బుట్ట పక్కన ఇంకో బుట్టకి."

అప్పుడు అత్త చెయ్యి మూత మీంచి తీసింది. దించి ఒళ్ళో పెట్టుకుంది. మూత జారి పీట మీద పడి, అంచు మీద కాసేపు తిరిగి ఆగింది.

బువాఫన్ అన్నం తీసుకుంది. ముద్ద చేసింది. పచ్చడిలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. నోటి లోపల కూడా పుళ్ళున్నాయి, మింగడానికి మెడ సాచాల్సి వస్తుంది. మెడ సాచి మింగింది. అందరం చూస్తున్నాం. ఇంకో ముద్ద చేసింది.

ఖమ్‌మూన్ ఉన్నట్టుండి చెయ్యి చాచి అదే బుట్టలోంచి అన్నం తీసుకుంది.

"నాకింకా భయమే" అంది. "అంటదని తెలిసినా భయమే."

ఎవరినీ చూడకుండా ఆ అన్నం చేతిలో పట్టుకుని కూర్చుంది. నోట్లో పెట్టుకోలేదు. తిరిగి బుట్టలోనూ వేయలేదు.

గేటు బయట బండి హారన్ మోగింది.

నేను గుడ్డల మూట తీసుకున్నాను. బువాఫన్ చేతిలో ఉన్న ముద్దని రెండు చేసింది. సగం తను తింది. సగం వాళ్ళమ్మ గిన్నె అంచున పెట్టింది.

"తిను. అన్నం చల్లారిపోతోంది" అంది.

మెట్లు ఒక్కొక్కటే దిగింది. ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంది. పై మెట్టు దగ్గర తూయ్ బుట్ట మీంచి దాటి వెళ్ళాల్సి వచ్చింది. దాన్ని కాలితో జరపలేదు. వంగి తీసి, మూత సరిచేసి, పక్కన గోడకి ఆనించి పెట్టి దిగింది.

"తీర్చకుండా దిగావు" అంది పైనుంచి అత్త. "మళ్ళీ ఈ మెట్లెక్కకు."

బువాఫన్ వెనక్కి తిరగలేదు.

"ఎక్కుతాను. నువ్వు అడ్డం కూర్చుంటే నిన్ను దాటుకుని ఎక్కుతాను."

బండిలో ఇద్దరు ముసలమ్మలు కూరగాయల గంపలతో కూర్చున్నారు. బువాఫన్ మొహం చూసి జరిగారు. ఇద్దరు పట్టే చోటు ఖాళీ అయింది. "ఇంకా జరగండి, కాళ్ళు చాపుకుంటాను" అంది బువాఫన్. వాళ్ళు జరిగారు. ఆమె నిజంగానే కాళ్ళు చాపుకుంది.

బండి కదిలింది. ఆమె ముందుకే చూస్తోంది. నేను వెనక్కి చూశాను.

పువాంగ్ మామ పంది తల మీద అరిటాకు మళ్ళీ కప్పుతున్నాడు. ఖమ్‌మూన్ అలాగే కూర్చుని ఉంది, గుప్పిట మూసుకుని. పీట దగ్గరికి కోళ్ళు మెట్లెక్కి వస్తున్నాయి.

"ఏం చేస్తోంది?" అంది బువాఫన్. ఎవరి గురించో చెప్పలేదు.

అత్త విసనకర్ర తీసుకుంది. కోడి గిన్నె వైపు మెడ చాచినప్పుడు దాని వీపు మీద కొట్టింది. కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ మెట్ల కిందికి ఎగిరాయి. ఆమె ఇంకో చెయ్యి గిన్నె మీద అడ్డంగా పెట్టింది.

"కోళ్ళని తోలుతోంది" అన్నాను.

"ముద్ద తిందా?"

"లేదు."

"పారేసిందా?"

"లేదు."

బండి మలుపు తిరిగింది. వెదురు తోపు అడ్డం వచ్చింది.